సెనక్కాయ పొట్టు, కంది సాలు, మా చేని లెక్క

మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకి మా చీనీ (బత్తాయి) తోటలో చెప్పులు లేకుండా నడవలేం, సాళ్ల మధ్య ఎర్రమట్టి పెనం మాదిరి కాలుతా ఉంటుంది. మొన్న ఒకరోజు సరిగ్గా ఆ టైంలోనే ఒక చెట్టు పాదులో వేసిన సెనక్కాయ పొట్టుని చేత్తో పక్కకి తీసి చూసినా. పైన రెండు వేళ్ల మందం ఎండిపోయి గలగల అంటా ఉంది, దాని కింద పొట్టు నల్లబడి మెత్తగా అయిపోయి ఉంది, ఇంకా కింద మట్టి చల్లగా, పిడికిట్లో పట్టుకుంటే ముద్దయ్యేంత తడితో ఉంది. ఆ మట్టిలోంచి దారాల మాదిరి తెల్లటి పీచు వేర్లు పైకొచ్చి పొట్టులోకి కూడా దూరినాయి. ఆ చెట్టుకి నీళ్లు పెట్టి అప్పటికి నాలుగు రోజులు. పక్కనే పొట్టు లేని చెట్టు దగ్గర అదే లోతులో తవ్వితే మట్టి పొడిపొడిగా రాలిపోయింది, జానెడు లోపలికి పోతే గానీ వేరు కనపడలేదు. పొట్టు సరిపోక రెండు సాళ్లు అట్లే వదిలేసినాం, పరీక్ష చేద్దామని కాదు, కానీ ఇప్పుడు తోటలోకి పోయిన ప్రతిసారీ ముందు ఆ రెండు సాళ్లనే చూస్తా ఉన్నా.

మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు. రెండెకరాలు చీనీ, బోరు కింద డ్రిప్పు. ఇంకో నాలుగెకరాలు వర్షాధారం, సెనక్కాయే, మీరు వేరుశనగ అంటారు. జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది అంటారు కానీ సగటు చూసుకుని సేద్యం చేయలేం కదా, ఆ వాన ఎప్పుడు పడింది, రెండు వానల మధ్య ఎన్నాళ్లు బెట్ట వచ్చింది అన్నదే మాకు ముఖ్యం. జులైలో పదును దొరికి విత్తనం వేస్తాం, బాగా మొలుస్తుంది, సరిగ్గా ఊడలు, అంటే పూత నుంచి కిందికి దిగి మట్టిలో కాయయ్యే కాడలు, దిగే టైంకి ఆగస్టులో మూడు నాలుగు వారాలు చుక్క రాలదు. ఊడ భూమిలోకి దిగాలంటే పైన రెండంగుళాల మట్టి మెత్తగా ఉండాల, అది గట్టిపడిపోతే ఊడ బయటే ఎండిపోతుంది, పైన చెట్టు పచ్చగానే ఉంటాది, కింద కాయ ఉండదు. కాబట్టి మాకు తేమ అనేది చాలావరకు ఆ పైన రెండు మూడంగుళాల కథ, దాన్ని ఎండకి ఎట్ల వదలకుండా ఉండాల అన్నదే నేను నాలుగైదేళ్లుగా కిందా మీదా పడి చూస్తా ఉన్న పని.

చాలామంది ఫోన్ చేసి మల్చింగ్ (నేలని చెత్తతోనో షీట్‌తోనో కప్పడం) వేస్తే దిగుబడి ఎంత పెరుగుతాది, అంతర పంట వేస్తే అసలు పంట తగ్గుతుందా అని అడుగుతా ఉన్నారు, ఒక్క మాటలో చెప్పమంటే చెప్పలేను. నాకు అర్థమైంది మాత్రం ఇది. నేలని ఒట్టిగా ఎండకి వదలకూడదు. తోటలో అయితే చెత్త కప్పొచ్చు. నాలుగెకరాల చేనులో కప్పడానికి అంత చెత్త యాడ్నుంచి తెస్తాం, అక్కడ ఆ పని ఇంకో పంటే చేయాల. ఇంకా ఆ దిగుబడిని ఒక పంట బరువుతో కాకుండా ఆ చేను మొత్తం ఏడాది పొడుగునా ఏం ఇచ్చింది అని లెక్కేయాల.

ముందు తోట సంగతి చెప్తా. సెనక్కాయ పొట్టు అంటే కాయ ఒలిచిన తర్వాత మిల్లులో మిగిలే పైడొల్ల. మా దగ్గర అది ఇటుక బట్టీలకి, బాయిలర్లకి పోతుంది, ఊరికే రాదు. మొదటిసారి ట్రాక్టర్ లోడు తెచ్చి పాదుల్లో పోస్తా ఉంటే నాయన "దుడ్లు పెట్టి కొనుక్కొచ్చి మట్టిలో పోస్తావేం రా" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు, అప్పటికి నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు కూడా. ఆ ఎండాకాలం రెండ్రోజులకి ఒకసారి ఇచ్చే నీళ్లు నాలుగు రోజులకి ఒకసారి ఇచ్చినా ఆకు వాడలేదు, మోటరు ఆడే టైం సగానికి తగ్గింది, బోరు కూడా ఆయాసపడకుండా పోసింది. అప్పుడు నాయనే వచ్చి "మిగిలిన సాళ్లకి ఎప్పుడు తెస్తావ్ రా" అని అడిగినాడు.

అయితే పొట్టు కప్పడంలో నేను రెండు తప్పులు చేసినా, అవి చెప్పకపోతే ఈ పోస్టుకి అర్థం లేదు. మొదటిది, పొట్టుని చెట్టు మొదలుకి ఆనించి కుప్పగా పోసేసినా. వానాకాలం వచ్చేసరికి మొదలు దగ్గర ఎప్పుడూ తడే, నాలుగు చెట్లకి బెరడు పగిలి బంక కారడం మొదలైంది. చీనీకి ఈ బంక తెగులు ఎంత చెడ్డదో పెంచినోళ్లకి తెలుసు, చుట్టూ బెరడు కుళ్లిందంటే చెట్టు పోయినట్టే. పొట్టంతా గుంజేసి, కుళ్లిన బెరడు చెక్కి, మైలుతుత్తం సున్నం కలిపి చేసే బోర్డో పేస్ట్ పూసి మూడు చెట్లు నిలబెట్టుకున్నాం, ఒకటి పోయింది. ఇప్పుడు మొదలు చుట్టూ అడుగున్నర ఖాళీ వదిలి, అక్కడ్నుంచి కొమ్మల నీడ పడేంతవరకు పరుస్తాం, నీళ్లు తాగే పీచు వేర్లు ఉండేది కూడా అక్కడే, మొదలు దగ్గర కాదు.

రెండోది పూత విషయం. చీనీకి పూత ఒకేసారి రావాలంటే చలికాలంలో నీళ్లు ఆపి తోటని ఎండగట్టాల, ఆకు కొంచెం వాడి రాలే దాకా, తర్వాత ఎరువేసి నీళ్లిస్తే పూత గుంపుగా వస్తుంది. నేను నీళ్లు ఆపినా గానీ పొట్టు తీయలేదు. కింద తేమ పోతే కదా చెట్టు ఎండేది! పక్క తోటల్లో ఆకులు రాలతా ఉంటే మాది పచ్చగా నవ్వుతా ఉంది, చివరికి పూత విడతలు విడతలుగా వచ్చింది, కాయలు కూడా అట్లే మూడు సైజుల్లో వచ్చినాయి, మార్కెట్‌లో రేటు దెబ్బతినింది. తేమ పట్టి ఉంచడం మంచిదే కానీ చెట్టుకి ఎప్పుడు తేమ వద్దో కూడా మనం చూసుకోవాల. ఇప్పుడు నీళ్లు ఆపే పది రోజుల ముందే పొట్టుని సాళ్ల మధ్యకి లాగేస్తాం, మళ్లీ నీళ్లిచ్చేటప్పుడు తిరిగి నెడతాం, ఇద్దరు కూలీలకి మూడు రోజుల పని.

ఇంకో రెండు చిన్న సంగతులు, పొట్టుని మట్టిలో కలిపి దున్నొద్దు, అది కుళ్లేటప్పుడు నేలలో ఉన్న నత్రజని లాగేసుకుంటుంది, చెట్టు పాలిపోతుంది, పైన పరిచి వదిలేస్తే నిదానంగా అదే కుళ్లి ఎరువు అవుతుంది. ఎలుకలు పొట్టు కింద దాక్కుని డ్రిప్పు పైపులు కొరుకుతాయి కాబట్టి వారానికి ఒకసారి లైన్ మీద నడవాల. చెదలు వచ్చినా అవి ముందు ఎండు పొట్టునే తింటాయి, మేం భయపడినంత ఏం కాలేదు.

ప్లాస్టిక్ మల్చింగ్ షీట్ కూడా వేసినా, మొక్కలు చిన్నగా ఉన్నప్పుడు రెండో ఏడాది సాళ్ల మధ్య కలింగర (పుచ్చకాయ) పెట్టినాం. నాలుగడుగుల వెడల్పు, 25 మైక్రాన్ల షీట్, పైన వెండి రంగు కింద నలుపు. నలుపు వైపు వెలుతురు పోదు కాబట్టి కింద కలుపు మొలిచినా బతకదు, వెండి వైపు ఎండని పైకి తిప్పి కొడుతుంది, దానికి తామర పురుగు, తెల్లదోమ ఆకు అడుగుకి రావడం తగ్గుతుంది. కలింగర బాగా కాసింది, కాయ తడి మట్టికి ఆనక మచ్చ లేకుండా వచ్చింది, ఆ ఒక్క పంటతో డ్రిప్పు ఖర్చు తిరిగొచ్చింది, అది అబద్ధం చెప్పను. కానీ తుంగ ఉన్న చోట షీట్ ఏం చేయలేకపోయింది, తుంగ మొలక సూది మాదిరి ఉంటుంది కదా, షీట్‌ని కింద నుంచి పొడుచుకుని పైకొచ్చేస్తుంది, ఒక్క రాత్రిలో పది చిల్లులు. పంట అయిపోయినాక షీట్ తీస్తా ఉంటే చేతిలోనే పీలికలు పీలికలుగా చిరిగిపోయింది, ఎంత ఏరినా ముక్కలు మిగిలిపోయినాయి, ఇప్పటికీ గుంటక తోలితే వెండి రంగు ముక్క ఏదో ఒకటి పైకి తేలుతుంది. ఊర్లో చాలామంది గట్టు మీద వేసి కాలుస్తారు, ఆ పొగ చూస్తే నాకు కడుపులో దేవినట్టు అవుతుంది. షీట్ వేసేవాళ్లు దయచేసి మందం తక్కువది వేయొద్దు, పలుచటి షీట్ చవగ్గా దొరుకుతుంది కానీ ముక్కలు కాకుండా పైకి రాదు.

లేత చీనీలో ఏది అంతర పంటగా వేసినా టమాటా, మిరప, వంకాయ మాత్రం వద్దని మా వైపు అనుభవం ఉన్న రైతులందరూ చెప్తారు, నులిపురుగులు పెరుగుతాయని. పెసర, అలసంద, సెనక్కాయ వేసుకోండి, అవి నేలకి ఏదో ఒకటి ఇచ్చే పోతాయి.

ఇప్పుడు అసలు నాకు ఇష్టమైన విషయం, మెట్ట చేను, అక్కిడి సాళ్లు, అంటే అసలు పంట మధ్యలో వేసే అంతర పంట సాళ్లు.

మా జేజి (అవ్వ) కాలంలో చేనులో ఒక్క పంట అనేదే లేదంట. విత్తనం వేసే ఎద్దుల గొర్రు ముందు పోతా ఉంటే జేజి వెనకాల వేరే గొట్టం పట్టుకుని నడుస్తా దాంట్లో కంది గింజలు వదిలేది, ఒడిలో ఇంకో మూటలో అలసంద, అనుము, నాలుగు గోగు విత్తనాలు కూడా ఉండేవి. చేను చుట్టూ జొన్న. ఇంటికి పప్పు, కూర, ఎద్దులకి మేత అన్నీ ఆ చేనులోంచే. తర్వాత సెనక్కాయకి రేటు వచ్చింది, నూనె మిల్లులు వచ్చినాయి, జిల్లా మొత్తం ఎర్రనేలంతా సెనక్కాయే అయిపోయింది, ఒక దశలో 8 లక్షల హెక్టార్ల దాకా వేసినారు, అంత విస్తీర్ణంలో ఒకే పంట. ట్రాక్టర్లు వచ్చినాక అక్కిడి గొట్టం పట్టుకునే మనిషి కూడా లేకుండా పోయినాడు.

ఒకే పంట ఉంటే ఏమవుతుందో 2000లో చూసినాం. నేను అప్పుడు స్కూల్లో ఉన్నా, చేనులు చేనులే నిలువునా ఎండిపోయినాయి, కాండం కుళ్లు అన్నారు. వయ్యారిభామ పుప్పొడిలో వైరస్ ఉంటే తామర పురుగులు దాన్ని సెనక్కాయ మీదికి మోసుకొచ్చినాయి అని తర్వాత తేల్చినారు. అప్పటినుంచి చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న గానీ సజ్జ గానీ దట్టంగా వేయమని సైంటిస్టులు చెప్తా ఉన్నారు, గాలికి కొట్టుకొచ్చే పురుగుని ఆ గోడ ఆపుతుంది. జేజి వాళ్లు వేసిన జొన్న అది, పేరు మాత్రం ఇప్పుడు రక్షక పంట.

నేను మళ్లీ కంది మొదలుపెట్టిన ఏడాది ఆత్రంతో మూడు సాళ్ల సెనక్కాయకి ఒక కంది సాలు వేసినా. సెప్టెంబరుకే కంది నడుం పైకొచ్చి కొమ్మలు కలిసిపోయినాయి, మధ్యలో సెనక్కాయకి ఎండ లేక తీగ సాగినట్టు సాగింది, కాయ బాగా తగ్గింది, నాయన ఏం మాట్లాడకుండా కల్లంలో కాయలు చేత్తో తిప్పుతా కూర్చున్నాడు, ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తే. మరుసటి ఏడాది ఏడుకి ఒకటి వేసినాం. మా ట్రాక్టర్ గొర్రుకి ఎనిమిది సాళ్లు, ఏడింట్లో సెనక్కాయ పోసి ఒక దాంట్లో కంది పోస్తే సరిపోయింది, కంది సాలుకీ కంది సాలుకీ మధ్య ఎనిమిది అడుగులు. అరడుగు కిందే గరుసు తగిలే దిన్నె ఒకటి ఉంది, అక్కడ అది కూడా ఎక్కువే, పదకొండుకి ఒకటి గానీ పదిహేనుకి ఒకటి గానీ వేస్తే చాలు.

ఇది ఎందుకు పనిచేస్తుంది అంటే, కంది మొదటి రెండు నెలలు చాలా నిదానంగా పెరుగుతుంది, సెనక్కాయకి అడ్డం రాదు. ఈలోపు సెనక్కాయ అల్లుకుని సాళ్ల మధ్య నేలని కప్పేస్తుంది, అదే బతికున్న మల్చింగ్ అన్నమాట. సెనక్కాయ వేరు పైపైన తాగుతుంది, కంది వేరు కిందికి దిగి అది అందుకోలేని తేమ తాగుతుంది. 110 రోజులకి సెనక్కాయ పీకేస్తాం, ఆ తర్వాత చేనంతా కందిదే, అక్టోబరు నవంబరు వానలు ఏమొచ్చినా కందికే. నవంబరు నుంచి ఆకు రాలుస్తా ఉంటుంది, సంక్రాంతికి కోసేనాటికి కంది సాలు కింద పసుపు రంగు ఆకులు పరుపు మాదిరి ఉంటాయి, ఆ ఆకులో నత్రజని తర్వాతి పంటకి.

ఇంకో విషయం నాకు చదివినప్పుడు ఒళ్లు పులకరించింది. మా ఎర్రనేలల్లో భాస్వరం ఉన్నా ఇనుముతో కట్టుకుపోయి ఉంటుంది, చాలా పంటలకి అందదు. పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థలో జపాన్ సైంటిస్టులు కలిసి పనిచేసి 1990లో బయటపెట్టినారు, కంది వేరు నుంచి పిసిడిక్ యాసిడ్ అనే ఒకటి ఊరుతుందంట, అది ఇనుముని పట్టుకుని భాస్వరాన్ని విడిపిస్తుంది. గొట్టం పట్టుకుని నడిచిన జేజికి ఇదంతా తెలియదు, కానీ కంది వేసిన చోట తర్వాతి ఏడాది కొర్ర బాగుంటుంది అని మాత్రం చెప్పేది.

లెక్క కావాలన్నోళ్లకి మా చేని లెక్క. ఒక ఏడాది పక్కపక్కనే వేసి తూచినా. ఒట్టి సెనక్కాయ వేసిన ఎకరాకి 5 క్వింటాళ్లు. కందితో కలిపి వేసిన ఎకరాలో సెనక్కాయ 4 క్వింటాళ్ల 40 కిలోలు, కంది 1 క్వింటా 10 కిలోలు. ఒట్టి కంది వేసిన ఎకరాలో 3 క్వింటాళ్లు. అంటే కలిపి వేసినప్పుడు సెనక్కాయ 100కి 88 పాళ్లు వచ్చింది, కంది 100కి 37 పాళ్లు వచ్చింది, రెండూ కలిపితే 125. ఆ పంటలు విడివిడిగా తీయాలంటే ఎకరంబావు నేల కావాల, నేను ఎకరంలోనే తీసినా. సైంటిస్టులు కూడా అంతర పంటల లాభం ఇట్లే చూస్తారు, కలిపిన మొత్తం ఒకటి (అంటే 100 పాళ్లు) దాటితే లాభం, దాటకపోతే విడిగా వేసుకోవడమే మేలు. సెనక్కాయ ఒక్కటే చూసినోడికి 60 కిలోలు పోయినట్టే కనపడుతుంది, పోయింది నిజమే, కంది సాలుకి ఆనుకుని ఉన్న రెండు సాళ్లలో కాయ పలచగానే ఉంది. బెట్ట ముదిరిన ఏడాది మాత్రం ఈ లెక్క ఇంకో రకంగా ఉంటుంది. ఒక ఏడాది ఆగస్టంతా వాన లేక సెనక్కాయ కట్టె, అంటే ఎండిన చెట్టు, తప్ప కాయ లేదు, ఆ ఏడాది ఇంట్లోకి వచ్చిన దుడ్లు మొత్తం కందివే.

మరి అందరూ ఎందుకు వేయరు అంటే సోమరితనం కాదు, గొర్రెలు. సెనక్కాయ పీకినాక ఊర్లో మందలన్నీ చేలల్లోకి వదిలేస్తారు, అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, వాళ్లకీ మేత కావాల కదా. చుట్టూ ఖాళీ చేలు ఉండి మధ్యలో నీది ఒక్కటే కంది ఉంటే జనవరి దాకా కాపలా కాయలేవు. మేం మొదటి ఏడాది అట్లే పోగొట్టుకున్నాం. తర్వాత పక్క చేను మామతో, పై చేను అన్నతో మాట్లాడి నలుగురం ఒకే పట్టీలో కంది వేసినాం, మందల వాళ్లతో ముందే చెప్పి సంక్రాంతి తర్వాత మా చేలల్లోనే మంద పెట్టించుకున్నాం, వాళ్లకి ఆకు, మాకు ఎరువు. ఇట్ల నలుగురు కలవకుండా మెట్టలో అక్కిడి సాళ్లు నిలబడవు అనేది నా నమ్మకం. ఎరువుల గురించి చెప్పేవాళ్లు గొర్రెల గురించి కూడా చెప్తే బాగుంటుంది.

సెనక్కాయ కట్టె నేల మీద పరచొచ్చు కదా అని సిటీ నుంచి ఒక ఫ్రెండ్ అడిగినాడు. అది మా ఎద్దులకి, బర్రెలకి ఏడాది మేత, దాన్ని మట్టికి వేసి గొడ్లకి ఏం పెట్టాల? అందుకే మెట్టలో కప్పేది కూడా పండించుకోవాల్సిందే. రాష్ట్రంలో ప్రకృతి సేద్యం వాళ్లు ఎండాకాలంలోనే నవధాన్యాలు చల్లిస్తా ఉన్నారు, గింజలకి బంకమట్టి, ఆవు పేడతో చేసే ఘనజీవామృతం అనే ఎరువు పట్టించి గుళికల మాదిరి చేసి పొడి దుక్కిలో వేస్తే ఎప్పుడు చినుకు పడితే అప్పుడు మొలుస్తాయి. మెయిన్ పంట వేసే లోపు నేల మీద ఒక పచ్చ దుప్పటి ఉంటుంది, కొంత మేతకి కోసుకుని మిగిలింది అక్కడే పడేయొచ్చు. ఈసారి మే చివర్లో అరెకరంలో వేసినా, గరుసు దిన్నె మీదే, ఎందుకంటే చేనులో అందరికంటే ముందు ఎండేది అదే. ఉలవ, అలసంద, జొన్న, సజ్జ, గోగు, ఆముదం, పెసర, అనుము, కొర్ర. అమ్మ, నేను ఇద్దరం కూర్చుని రెండు సాయంత్రాలు గుళికలు చేసినాం, గోళ్లల్లో మట్టి ఇంకా పోలేదు.

గురువారం రాత్రి ఒక మోస్తరు వాన పడింది. నిన్న సాయంత్రం పోయి వంగి చూస్తే అలసంద రెండాకులేసింది, జొన్న సూది మాదిరి పైకొచ్చింది, ఉలవ గుళిక పగిలింది కానీ మొలక ఇంకా మట్టి దాటలేదు.